బయటివైపు పడిన వేలిముద్ర

అత్తయ్యగారికి,

చిన్నల్లుడి నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది. మీ తుంటి ఎముక అతుక్కుంటోందని, చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా రాగలుగుతున్నారని బావగారు ఫోన్‌లో చెప్పారు. మెట్లు మాత్రం ఇంకొన్నాళ్లు వద్దు. అక్కడ మిగతావారంతా కులాసాయే అనుకుంటాను.

మీ ఉత్తరం అందింది. "మీరు రాసింది ఉత్తరమా, మందుల చీటీయా?" అని మొదటి వాక్యంలోనే అడిగారు. మళ్లీ తీసి చదువుకున్నాను. మందుల చీటీలాగే ఉంది. "క్షేమం అని పైనొకసారి, కిందొకసారి రాస్తే నమ్మేస్తాననుకున్నారా? ఆఖరి రోజు పొద్దుట్నించీ ఏం జరిగిందో వరసగా రాయండి. నాకు చెవులు సరిగ్గా వినపడవని ఫోన్‌లో ఎవరూ పూర్తిగా చెప్పరు. మంచం మీంచి కదల్లేక రాలేకపోయాను గానీ, పోయింది నా చిన్నది. నాకు తెలియాలి" అన్నారు. తెలియాలి. అందుకని ముందు అదే రాస్తాను. మిగతా ప్రశ్నలకి తర్వాత వస్తాను.

ఆ రోజు మీ అమ్మాయి నాకంటే ముందు లేచింది. పంపులో నీళ్లు సన్నగా వస్తున్నాయని విసుక్కుంటూ బకెట్లు నింపింది. టీ పెట్టింది. తన కప్పులో తీపి ఎక్కువైందని సగం నా కప్పులో పోసింది. నాది తీపి తగ్గిందా అంటే, "మీకు తేడా తెలిసేడిస్తే కదా" అంది. ఇద్దరం షెడ్డులోకి వెళ్లాం. ఇంటి పక్కన కారు పెట్టుకోవడానికి కట్టిన రేకుల షెడ్డు. కారు బయట ఎండలో ఉంటుంది, పని లోపల నీడన జరుగుతుంది. మీరు వచ్చినప్పుడు చూసి నవ్వారు కదా, అదే.

రెండు ముక్కాలిపీటల మీద ఒక కారు ముందు బంపర్ పెట్టి ఉంది. బూడిద రంగుది. ఎడమ మూల జానెడు పొడవున చీలి ఉంటే, లోపలివైపు అతుకు ముందు రోజే నేను వేశాను. బయటివైపు పుట్టీ పెట్టడం తన పని. గాజు పలక మీద పుట్టీ తీసుకుని, గట్టిపరిచే ఎర్ర ముద్ద బఠాణీ గింజంత కలిపింది. రెండూ కలిస్తే లేత గులాబీ రంగు వస్తుంది. రేకుతో ఒక్క గీతలో చీలిక మీద పరిచింది. కాసేపయ్యాక పుట్టీ సెట్ అయిందో లేదో చూడ్డానికి బొటనవేలు పెట్టింది. పెట్టింది బయటివైపు.

తను ఎప్పుడూ అలా చేయదు. ఎందుకు చేయదో కింద చెప్తాను. నేను అటు చూసి, "ఏంటి, ఇవాళ రూటు మార్చావు?" అన్నాను.

తన వేలి వంక చూసుకుని, "చెయ్యి దానంతటది వెళ్లిపోయిందండీ. రేపు పొద్దున రుద్దేస్తాలెండి, క్వాలిటీ సార్" అంది. ఫ్యాక్టరీలో నేను చేసిన ఉద్యోగం పేరుతో పిలిచిందంటే పని ఇవాళ్టికి చాలని అర్థం.

మధ్యాహ్నం అన్నం కొంచెమే తింది. ఎడమ భుజం లాగుతోందంది. నిన్న రెండు చేతులతోనూ రుద్దావు కదా, అందుకే అయుంటుందన్నాను. నొప్పికి రాసుకునే మందు రాసుకుని ముందుగదిలో మంచం మీద పడుకుంది. "ఫ్యాన్ కాస్త తగ్గించండి" అంది. తగ్గించాను. నాతో అన్న ఆఖరి మాట అదే. ఇంకేమైనా పెద్ద మాట అందేమోనని మీరు ఎదురుచూస్తుంటే, లేదు.

నేను కంచాలు కడిగి షెడ్డులోకి వెళ్లాను. పనిముట్లు సర్దాను. పుట్టీ రుద్దే వాటర్ పేపర్ కొత్త కట్ట ఎక్కడ పెట్టావని అడగడానికి వచ్చాను. రెండుసార్లు పిలిచాను. నిద్రపోతోందనుకుని తిరిగి వెళ్లబోయి, ఎందుకో ఆగి భుజం మీద చెయ్యి వేశాను. అంబులెన్సు త్వరగానే వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు, నిద్రలోనే గుండె ఆగిపోయిందని, ఇక్కడికి తెచ్చేసరికే అయిపోయిందని చెప్పారు. భుజం నొప్పి అందని చెప్పాను. పని వల్ల అనుకున్నానని చెప్పాను. ఎవరైనా అలాగే అనుకుంటారు అన్నారాయన. ఆ మాట దగ్గర నేను రోజూ ఆగుతుంటాను. ఈ ఉత్తరంలో ఆగను.

బాధ పడిందా అని అడిగారు. మొహం మామూలుగా ఉంది. బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని, ఎప్పుడూ పడుకునే తీరులోనే ఉంది. బొటనవేలి గోరు కింద గులాబీ రంగు పుట్టీ ఉంది. అది ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.

ఆఖరి రోజు అంతే, అత్తయ్యగారూ.

ఇక మీ రెండో ప్రశ్న. "పెళ్లయ్యాక ఇన్నేళ్లలో మీరిద్దరూ ఆ షెడ్డులో చేసేదేమిటో నాకు ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. విరిగిన డొక్కులు అతికిస్తారని తప్ప ఇంకేమీ తెలీదు" అన్నారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను ఈ పనిలో దిగానని తెలిసినప్పుడు మీరు అన్నమాట నాకు గుర్తుంది. డిగ్రీ చదివిన అల్లుడు అతుకుల బొంత కుడుతున్నాడా అన్నారు. మీ అమ్మాయి ఆ మాట నాకు దాచకుండా చెప్పింది. చెప్పి, "మా అమ్మ జీవితమంతా కుట్టుమిషను తొక్కింది. కుట్టేవాళ్లకి కుట్టేవాళ్లంటే పడదు, పట్టించుకోకండి" అంది.

మీరు కుట్టుపని చేసినవారు కాబట్టి మీ భాషలోనే చెప్తాను. మా సొంత కారు గేటుకి తగిలి బంపర్ చీలినప్పుడు మొదలైంది ఇది. పారేసి కొత్తది తెద్దామని నేనన్నాను. "బట్ట చిరిగితే పారేస్తామా" అంది తను. నేను ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే చోట పనిచేసినవాణ్ణి కాబట్టి ఏ రకం దేనితో అతుకుతుందో తెలుసు. బంపర్ లోపలివైపు అది ఏ రకం ప్లాస్టికో చిన్న అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. అదే రకం పాత ముక్కని సన్నని పుల్లలుగా కోసుకోవాలి. నూలు బట్టకి నూలు దారం వాడినట్టు. వేరే రకం పెడితే ఆ పూటకి అతుకుతుంది, మొదటి గతుకులో ఊడుతుంది.

ముందు సబ్బునీళ్లతో కడగాలి. చీలిక ఎక్కడ ఆగిందో వెతకాలి. కంటికి కనిపించిన చోట ఆగదు, వెంట్రుకలా ఇంకొంచెం ముందుకి పోతుంది. అక్కడ చిన్న రంధ్రం వేస్తే ఇక సాగదు. కాజా చివర మీరు ముడి వేస్తారు చూడండి, అదన్నమాట. తర్వాత సోల్డరింగ్ ఐరన్‌తో లోపలివైపు చీలిక అంచులు కరిగించి, పుల్లని కూడా కరిగించి, అందులోకి దింపాలి. అడ్డంగా స్టీలు పిన్నులు వేడిచేసి లోపలికి నొక్కాలి. ఇక్కడి దాకా నా పని. పుట్టీ, రుద్దడం, రంగు తనవి. నాకు రంగుల్లో తేడా తెలియదు. బూడిద రంగు చూపిస్తే నేను బూడిద అంటాను. తను అందులో కొంచెం నీలం ఉందనేది, చిటికెడు ఆకుపచ్చ కూడా పడాలనేది, పడ్డాక కారు పక్కన పెడితే ఎక్కడ అతికించామో మాకే దొరికేది కాదు.

రుద్దేటప్పుడు కళ్లు మూసుకునేది. కళ్లు అబద్ధం చెబుతాయట. వేళ్లు చెప్పవట. ఎగుడుదిగుడు ఎక్కడుందో వేళ్లతో పట్టుకునేది. షెడ్డు ముందు నుంచి వెళ్లేవాళ్లు, బంపర్‌ని నిమురుతూ కళ్లు మూసుకున్న ఆవిణ్ణి చూసి నడక తగ్గించేవారు.

వేలిముద్ర సంగతి చెప్తానన్నాను. గాజు పలక మీద మిగిలిన పుట్టీ తను పారేసేది కాదు. బంపర్ లోపలివైపు, ఎవరికీ కనబడని చోట, నాణెమంత పెట్టేది. కాసేపాగి దాని మీద బొటనవేలు నొక్కేది. వేలి గీతలు చక్కగా దిగి, పుట్టీ మాత్రం వేలికి అంటకుండా వచ్చిందంటే, బయట పరిచింది కూడా అదే పాకంలో ఉన్నట్టు. అంచులు చాకుతో చెక్కడానికి అదే అదను. ముందైతే జిగురు, తర్వాతైతే రాయి. గడియారం చూసి చేసుకోవచ్చు కదా అంటే, "ఎండకీ వానకీ గడియారం మారుతుందా ఏంటి" అనేది. అందుకని మేం బాగుచేసిన ప్రతి ముక్క లోపలా ఒక వేలిముద్ర ఉంటుంది. అది సంతకం కాదు. పాకం చూసిన గుర్తు, అంతే.

ఆ రోజు మాత్రం అది బయటివైపు పడింది. ఎందుకు పడిందో నేను చెప్పలేను. ఒంట్లో నలతగా ఉండి పరాకు పడిందో, నాతో మాట్లాడుతూ చూసుకోలేదో. మీరూ ఆలోచించకండి. నేను ఆలోచించి చూశాను, ఏమీ తేలదు.

తింటున్నారా అని అడిగారు. తింటున్నాను. ఒక్కడికి సరిపడా బియ్యం ఎంతో ఇంకా చేతికి రాలేదు, రోజూ మిగిలిపోతోంది. కూరలో ఉప్పు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. రెండూ తేడా లేకుండా దిగుతున్నాయి. మీ అమ్మాయి చెప్పింది నిజమే, నాకు తెలియదు. టీ మానేశాను. ఒక కప్పే పెట్టుకోవడం రాలేదని కాదు, పాలు విరిగిపోతున్నాయి.

ఏడుస్తున్నారా అని కూడా అడిగారు. ఇంకెవరూ ఇంత సూటిగా అడగలేదు. లేదు. ఆసుపత్రిలో లేదు, తర్వాత లేదు, ఇప్పటిదాకా లేదు. గుండె రాయి చేసుకున్నాడని పక్కింట్లో అనుకుంటున్నారట. నేనేమీ చేసుకోలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మన కాలేనని తెలుస్తుంది, గిల్లితే మాత్రం తెలియదు. అలా ఉంది. అంతకుమించి రాయడానికి ఏమీ లేదు కాబట్టే పోయిన ఉత్తరం మందుల చీటీలా వచ్చింది.

ఇక మీరు అడిగిన ఆఖరి మాట. "దానిది ఏదైనా ఒకటి నాకు పంపండి. చీరలు వద్దు, చీరలు నా దగ్గరే ఉన్నాయి దానివి. అది చేత్తో ముట్టుకున్నది ఏదైనా" అన్నారు. ఈ మాట దగ్గరే ఇన్నాళ్లూ జవాబు రాయకుండా ఆగిపోయాను. ఎందుకో చెప్పాలంటే, పోయిన ఉత్తరంలో నేను రాసిన అబద్ధం ఒకటి ముందు చెప్పాలి.

ఆ బూడిద రంగు బంపర్ పూర్తిచేసి, వాళ్లది వాళ్లకి ఇచ్చేశానని, పని మామూలుగా సాగుతోందని రాశాను. ఇవ్వలేదు. పని సాగడం లేదు. తను పోయాక నేను షెడ్డులో ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. ఆ బంపర్ అప్పుడు పెట్టిన ముక్కాలిపీటల మీదే, మీ అమ్మాయి పాత చున్నీ కప్పుకుని ఉంది. పొద్దున వెళ్లి చున్నీ తీసి చూస్తాను. మళ్లీ కప్పి వస్తాను. నా పని అంతే. గులాబీ రంగు మీద గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. మధ్యలో ఒక గీత తెగి ఉంటుంది, చిన్నప్పుడు మీ కత్తెరతో కోసుకుందన్నారే, ఆ మచ్చ. అది కూడా పడింది.

బంపర్ ఇవ్వాలంటే ఆ ముద్రని రుద్దెయ్యాలి. రుద్దితే పోతుంది. అందుకని ఇవ్వలేదు. కానీ అది నాది కాదు. ఒకావిడ కారుది.

ఆవిడ మా వీధి చివర డ్రైవింగ్ నేర్పుతారు. పాఠం చెబుతున్నంతసేపూ "క్లచ్, క్లచ్" అని ఆవిడ అరిచే అరుపు మా వంటింట్లోకి వినిపిస్తుంది కాబట్టి, మీ అమ్మాయి ఆవిడకి క్లచ్ టీచరమ్మ అని పేరు పెట్టింది. ఆవిడ దగ్గర నేర్చుకునే ఒక దర్జీ, బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కి గోడకి పెట్టాడు. బంపర్ అలా చీలింది. అప్పట్నించీ ఆ కారు బంపర్ లేకుండానే తిరుగుతోంది.

మొదట్లో ఆవిడ అడగలేదు. పరామర్శకి వచ్చి, ఊరికే కూర్చుని వెళ్లింది. తర్వాత మెల్లగా అడిగింది. రంగు కలవలేదన్నాను. మళ్లీ వచ్చింది. వాన తేమకి ఆరడం లేదన్నాను. మళ్లీ వచ్చింది. రంగుకి ముందు పూసే ప్రైమర్ దొరకడం లేదన్నాను.

"మీ ప్రైమర్ ఏ ఊరి నుంచి నడిచొస్తోంది అన్నయ్యా?" అంది ఆవిడ.

నేను నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

నిన్న సాయంత్రం పాఠం అయ్యాక కారుని నేరుగా మా షెడ్డు ముందుకే తెచ్చి ఆపింది. దిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒకసారి నా కారు మొహం చూడండి అన్నయ్యా. ముందు పళ్లు రాలిపోయిన ముసలాడిలా ఉంది. నేర్చుకుందామని వచ్చినవాళ్లు దీన్ని చూసి, ఈ మేడమే గుద్దేసింది కాబోలు, మనకేం నేర్పుతుందని వెనక్కి పోతున్నారు. ఈ అవతారంలో లైసెన్సు పరీక్షకి కూడా రానివ్వరట. నేను కోప్పడ్డానికి రాలేదు. నిజం చెప్పండి. అది విరిగిపోయిందా?"

"లేదు."

"ఎవరికైనా ఇచ్చేశారా?"

"లేదు."

"మరి?"

నాకు నోటితో చెప్పడం చేతకాలేదు. లోపలికి తీసుకెళ్లి చున్నీ తీశాను. ఆవిడ ముందు అతుకు చూసింది. బాగుందనబోయి ఆగింది. వంగి దగ్గరగా చూసింది. తన బొటనవేలు ఆ ముద్ర దాకా తెచ్చి, తాకించకుండా వెనక్కి తీసుకుంది.

"వదినదా?"

"అవును."

అక్కడున్న రంగు డబ్బా మీద కూర్చుంది. మేమిద్దరం ఆ బంపర్‌ని చూస్తూ, రోగిని చూడ్డానికి వచ్చినవాళ్లలా ఉన్నాం.

"దీని మీదే రంగు వేసి బిగించెయ్యండి. ఎవరు చూస్తారు?" అంది చివరికి.

"రంగు వేస్తే ఇంకా తెలుస్తుంది. వెలుతురు పడితే గుంట కనబడుతుంది."

"కనబడితే కనబడనివ్వండి. నా కారు, నా ఇష్టం. అడిగినవాళ్లకి నేను చెప్పుకుంటా."

"తను ఒప్పుకోదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి అలాగే వచ్చింది, పక్కగదిలో ఉన్న మనిషి గురించి అన్నట్టు. ఆవిడ సరిదిద్దలేదు.

"అవును, ఒప్పుకోదు" అంది. "పోయినసారి ఇసక రవ్వంత పొక్కు వచ్చిందని రంగంతా గీకేసి మళ్లీ వేసింది. నేను పట్టికెళ్తానన్నా ఇవ్వలేదు, నా చేతి కింద నుంచి ఇలాంటిది పోతే నాకు నిద్ర పట్టదని." లేచి చీర సర్దుకుంది. "అయితే మీరే ఉంచుకోండి అన్నయ్యా. నేను పాతది ఇంకోటి ఎక్కడైనా వెతుక్కుంటా. దొరక్కపోతే దర్జీ ఉన్నాడుగా, గుడ్డతో కుట్టమంటా."

మాట వరసకి అనడం కాదు, నిజంగానే ఇచ్చేస్తోంది. ఆ రకం కారు ఇప్పుడు తయారుకావడం లేదు. పాత బంపర్ కూడా సులువుగా దొరకదు. దొరికేదాకా ఆవిడ పాఠాలు ఇలాగే కుంటుతాయి. అవన్నీ తెలిసి కూడా నేను వద్దనలేదు. తలుపు దాకా వెళ్లనిచ్చాను. అది కూడా మీకు చెప్పాలి.

కారు ఎక్కబోతూ ఆవిడే ఆగింది. "అన్నయ్యా, వెనక బంపర్ కూడా మీరే కదా బాగుచేసింది? దాని లోపల కూడా ఇలాంటిది ఒకటి ఉంది, తెలుసా? కడిగేటప్పుడు చేతికి తగులుతుంది. కంపెనీవాళ్లు వేసిన గుర్తనుకున్నా ఇన్నాళ్లూ. చూస్తారా?"

నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కసారైనా తలుచుకోలేదు. ఆ షెడ్డులో ముక్కాలిపీటల మీద ఉన్నదొక్కటే లోకంలో మిగిలిందన్నట్టు ఇన్నాళ్లూ కూర్చున్నాను.

నేను వీధిలో, కారు వెనక, నేల మీద వెల్లకిలా పడుకున్నాను. దారినపోయే ఒకాయన ఏమైందండీ అని ఆగాడు. "ఏమీ కాలేదు, పని చేసుకుంటున్నారు, మీరు వెళ్లండి" అని టీచరమ్మ పాఠం చెప్పే గొంతుతోనే కసిరింది. లోపలివైపు చెయ్యి పెట్టాను. మట్టి పట్టి ఉంది. బురద గడ్డలు కట్టి ఉంది. వేలితో గీకితే కింద నున్నగా నాణెమంత పుట్టీ తగిలింది. దాని మధ్య పల్లం. నా బొటనవేలు అందులో పెట్టి చూశాను. నాది పెద్దది, పట్టలేదు.

ఏమనిపించిందని మీరు అడుగుతారు. ఏమీ అనిపించలేదు. ఉంది, అంతే. కానీ లేచి బట్టలు దులుపుకుంటూ, "రెండు రోజుల్లో ఇచ్చేస్తాను" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "ప్రైమర్ వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను.

ఈ వీధిలో తిరిగే ఎన్ని కార్ల లోపల మీ అమ్మాయి వేలు ఉందో నాకు తెలియదు. లెక్క పెట్టుకోలేదు మేం. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కార్లని ఇవాళ పొద్దున కొంచెంసేపు చూస్తూ నిలబడ్డాను. వాళ్లెవరికీ తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. మురికి పట్టినా, వాన పడినా, అవి అక్కడే ఉంటాయి, ఆ కార్లు తిరిగినన్నాళ్లూ.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను. నేను పంపక్కర్లేదు. మీ దగ్గరే ఒకటి ఉంది.

పోయిన ఏడాది మేం వచ్చినప్పుడు బావగారి కారు ఎడమవైపు అద్దం వెనక తొడుగు పగిలి, టేపు చుట్టి ఉంది. మీ గుమ్మంలో కూర్చుని మీ అమ్మాయి బాగుచేసింది. "పుట్టింటికొచ్చి కూడా ఈ కంపేనా, ఒక్క పూట కుదురుగా కూర్చోవే" అని మీరు తిట్టారు. "కుదురుగానే కూర్చున్నానుగా" అంది. అదే. బావగారిని ఆ తొడుగు తీయమనండి. చేత్తో లాగకూడదు. లోపల సన్నని కొక్కేలు ఉంటాయి, లాగితే విరుగుతాయి. ముందు వేడినీళ్లలో పిండిన గుడ్డ కాసేపు దాని మీద కప్పమనండి, ప్లాస్టిక్ కొంచెం మెత్తబడుతుంది. తర్వాత స్పూనుకి గుడ్డ చుట్టి, కింది అంచులో పెట్టి మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. వెనక్కి తిప్పి చూడండి. లోపల, పై మూలన ఉంటుంది. కళ్లకి ఆనకపోతే వేలు పెట్టండి. మీ వేలు కూడా సన్నదే కాబట్టి పట్టవచ్చు.

బావగారు తొందరపడి కొక్కెం విరగ్గొడితే తిట్టకండి. పంపిస్తే అతికిస్తాను.

మీ కళ్లజోడు మార్పించుకోవాలని పోయినసారే చెప్పాను. చెవి మిషను పెట్టుకోవడం లేదని కూడా విన్నాను. పెట్టుకుంటే నేను ఫోన్ చేయగలను. ఉత్తరాలు మానను, రెండూ చేస్తాను. మీరు ఇక్కడికి వస్తానన్నారు. తుంటి సంగతి డాక్టరు సరేనన్నాకే రండి. ముందుగది మంచం అక్కడే ఉంది. ఇబ్బందిగా ఉంటుందంటే మీకు లోపలి గదిలో వేస్తాను.

రేపు పొద్దున పంపు నీళ్లు రాగానే బకెట్ నింపి షెడ్డులో పెడతాను. వాటర్ పేపర్ కొత్త కట్ట దొరికింది, రంగు డబ్బాల వెనక ఉంది. దాన్ని నానబెట్టి, ముందు గరుకుది, తర్వాత నున్నది పెట్టి, బయటివైపు ముద్ర పోయేదాకా రుద్దుతాను. నేను కూడా కళ్లు మూసుకుని చూస్తాను, తెలుస్తుందో లేదో. పల్లం ఉన్నచోట కొత్త పుట్టీ కలిపి పరుస్తాను. పలక మీద మిగిలింది లోపలివైపు పెట్టి, గీతలు దిగాయో లేదో నా వేలితో చూస్తాను.

ఇట్లు,
మీ చిన్నల్లుడు